దుర్మాంసం అనుకున్నది

మా అన్నయ్య కుడిపాదం ఇప్పుడు సగమే ఉంది. మిగిలిన ఆ సగం నా చలవేనని మొన్నమొన్నటిదాకా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవాడు. చెల్లెలు రోజూ తన చేత్తో కట్టు కట్టబట్టి ఇంతైనా దక్కిందనీ, లేకపోతే మోకాలిదాకా తీసేసేవాళ్లనీ. వచ్చినవాళ్లు నా వంక చూసి, ఈ కాలంలో ఇలాంటి చెల్లెలు ఎవరికి దొరుకుతుందండీ అనేవాళ్లు. నేను కాఫీ పెట్టే వంకతో వంటింట్లోకి పోయేదాన్ని. స్టవ్ ముందు నిలబడి పాలు పొంగేదాకా చూస్తూ ఉండేదాన్ని. అలా రెండు నెలలు దాక్కున్నాక, ఇక దాక్కోవడానికి లేకుండా పోయింది. పోయిన సగం సంగతి ఇది.

నేను విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. భవానీపురంలో కాపురం. నోరు కాస్త పెద్దదని పేరుంది, ఒప్పుకుంటాను. పాతికేళ్లు అరవైమంది పిల్లల ముందు అరిచినదానికి నోరు చిన్నగా ఎలా ఉంటుంది? దానికి తోడు శుభ్రం పిచ్చి. గిన్నె తోమితే అందులో మొహం కనపడాలి. గచ్చు తుడిస్తే దాని మీద కాలు పెట్టడానికి భయం వెయ్యాలి. మా ఇంట్లో పనిమనిషి ఆరునెలలు మించి నిలవదు. నేను తోమిందే మళ్లీ తోముతానని మావారు వెక్కిరిస్తారు. ఈ పిచ్చి గురించి ముందే ఎందుకు చెబుతున్నానంటే, జరిగినదాంట్లో దాని పాలు కూడా ఉంది.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. పెళ్లికి ముందు నాలుగేళ్లు నేను పరిశోధన చేశాను. దేని మీద అంటే, నెత్తురు నాళాల మీద. ఒంట్లో కొత్త నాళం ఎలా పుడుతుంది, ఎలా ముందుకు పాకుతుంది అన్నది మా గైడు గారి ప్రశ్న. దానికి మేము కోడిగుడ్లు వాడేవాళ్లం, పొదిగే గుడ్లు. మా ఊరు హనుమాన్ జంక్షన్‌కి దిగువన. జంక్షన్ దగ్గర ఒక హేచరీలో గుడ్లు తీసుకుని, అట్టపెట్టెలో ఊక పోసి సర్ది, అన్నయ్య తన మోపెడ్ మీద తెచ్చి నన్ను బస్సెక్కించేవాడు. పెట్టె నా ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. గుంటలొచ్చినప్పుడల్లా పెట్టెని గాల్లోకి ఎత్తి పట్టుకునేదాన్ని. పక్క సీటు ఆడవాళ్లు పొదగెయ్యడానికా అమ్మాయ్ అని అడిగితే, అవునండీ అనేదాన్ని. అబద్ధం కాదుగా. అన్నయ్య నన్ను పొదుగుకోడి అని పిలిచేవాడు.

పొదగబెట్టిన మూడో రోజున సిరంజితో కాస్త తెల్లసొన లాగి, పెంకులో వేలిగోరంత కిటికీ కోసి, టేపుతో మూసేదాన్ని. వారం తిరిగేసరికి ఆ కిటికీలోంచి మైక్రోస్కోపు కింద చూస్తే పలచటి పొర మీద ఎర్రటి నాళాలు కొమ్మలు వేసుకుంటూ కనపడేవి. శుభ్రంగా, గీత గీసినట్టు. ఒకసారి అన్నయ్య ల్యాబుకి వస్తే చూపించాను. చాలాసేపు కన్ను తియ్యకుండా చూసి, ఇందులో పంటకాలవ ఏది, మురుగుకాలవ ఏది అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. పక్కనున్న మా గైడు గారు నవ్వలేదు. పొలం చేసేవాడు కాబట్టి సరిగ్గా అడిగాడు, నువ్వు వచ్చిన మొదటిరోజు ఈ ప్రశ్న కూడా అడగలేదు అని నన్నే అన్నారు.

నాళం గోడలో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. పట్టుకోవడానికి వాటి ఒంటి మీద కొన్ని ప్రోటీన్లుంటాయి. పక్క కణాన్ని పట్టుకునేవాటిని కాడ్‌హెరిన్లు అంటారు. కింద నేలని పట్టుకునేవి ఇంటెగ్రిన్లు. ఎక్కడో గాయమై అక్కడి కణాలకి ఊపిరి అందక కబురు పెడితే, దగ్గర్లో ఉన్న పాత నాళంలో ఒక కణం పక్కవాళ్ల పట్టు కాస్త సడలించుకుని బయటికొస్తుంది. ఇంటెగ్రిన్లతో నేల తడుముకుంటూ పాకుతుంది. దాని వెనక కణం చెయ్యి వదలకుండా వెంట నడుస్తుంది, దాని వెనక ఇంకొకటి. అటునుంచి వచ్చే ఇంకో వరసని కలిశాక, లోపల గొట్టం ఏర్పడి, అప్పుడు మళ్లీ అందరూ గట్టిగా బిగించుకుంటారు. అసలు పట్టు వదలకపోతే కొత్త నాళం పుట్టదు. వదిలేసి మళ్లీ పట్టుకోకపోతే నిలవదు. మేము ఆ పట్టుని అడ్డుకునే మందు ఒక్క చుక్క పొర మీద వేస్తే, రెండు రోజుల్లో అక్కడ కొత్త కొమ్మలు ఆగిపోయేవి. పట్టు బిగిసేదాకా కొత్త నాళం ఎంత పలచనంటే, ముట్టుకుంటే చాలు నెత్తురు కారుతుంది. ఈ చివరి ముక్క నా నోట్సులో నేనే రాసుకుని కింద రెండు గీతలు గీసుకున్నాను. ఆ నోట్సు ఇప్పటికీ మా అటక మీద ఉంది. గైడు గారు రిటైరయ్యారు, నాకు పెళ్లయింది, పరిశోధన కూడా అదే అటకెక్కింది.

ఇక అన్నయ్య సంగతి. ఊళ్లో చేపల చెరువులు చేస్తాడు. పదిహేనేళ్లుగా షుగరు. కాళ్లకి స్పర్శ ఎప్పుడు పోయిందో తనకే తెలియదు. చెప్పులేసుకోమంటే, చెరువులో చెప్పులేంటే అనేవాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని నేను దెప్పితే, అడుసు తొక్కకుండా చెరువు నువ్వు చేసి చూపించు అనేవాడు. చేపలు పట్టే రోజుల్లో ఒక మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి పీట మీద కూర్చున్నాడట. వదిన కూర వడ్డించబోతూ గచ్చు చూసింది. గుమ్మం దగ్గర్నించి పీటదాకా అడుగు విడిచి అడుగు నెత్తురు. అరికాల్లో, బొటనవేలి కింద, నత్తగుల్ల దిగి ఉంది. ఎన్ని రోజుల్నించి ఉందో ఎవరికీ తెలియదు. అప్పటికే చుట్టూ నల్లబడింది.

విజయవాడలో ఒక ఆసుపత్రిలో చూపించాం. కుళ్లిన మాంసం తీసేశారు. డాక్టరు గారు చిన్న వయసావిడ, ఓపిగ్గా చెప్పారు. కాలికి నెత్తురు తక్కువగా దిగుతోందనీ, బొత్తిగా లేకపోలేదనీ, గాయం అడుగునుంచి కొత్త మాంసం వస్తే పాదం మొత్తం నిలబెట్టుకోవచ్చనీ. రాకపోతే వేళ్లతో మొదలుపెట్టాల్సి ఉంటుందన్నారు. మూడు వారాలు చూద్దామన్నారు. రోజూ కట్టు మార్చాలి, వారానికోసారి తెచ్చి చూపించాలి. పాదం ఉంటుందా పోతుందా అన్నది ఆ మూడు వారాల్లో తేలాలి.

కట్టు మార్చడానికి ఆసుపత్రి నుంచే ఒక సిస్టర్ ఇంటికి వస్తానంది. అన్నయ్య ఒప్పుకోలేదు. మా చెల్లెలు ఇదే కదండీ చదివింది, నాలుగేళ్లు నెత్తురు నాళాలే చూసింది, దానికంటే ఎవరికి తెలుసు అన్నాడు. నాకూ గర్వంగానే ఉంది, ఎందుకు దాచాలి? పిల్లలకి బిట్లు రుద్దీ రుద్దీ నేనొకప్పుడు ఏం చదివానో నేనే మరిచిపోయిన రోజుల్లో, ఒక మనిషి దాన్ని గుర్తుపెట్టుకుని నలుగురి ముందు చెప్పాడు. అన్నయ్యని మా ఇంటికే తెచ్చుకున్నాం. వదిన ఊళ్లో చెరువులు చూసుకుంటూ ఆదివారం ఆదివారం వచ్చి పోయేది.

ఉదయం కాలేజీకి పోయేముందు కట్టు మార్చేదాన్ని. మేడ మీద ఎండ పడే గదిలో, కిటికీ దగ్గర అన్నయ్య కుర్చీలో కూర్చుని కాలు స్టూలు మీద పెట్టేవాడు. ఇబ్రహీంపట్నం వైపు కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు చూస్తూ, ఇవాళ పొగ ఎటు పోతుందో చెప్పేవాడు. నేను కింద పీటేసుకుని కూర్చుని, పాత గాజుగుడ్డ లాగేసి, సెలైనుతో కడిగి, కొత్తది పెట్టేదాన్ని. నెత్తురూ రసీ ఆరి గాజుగుడ్డ పుండుకి అతుక్కుపోయి ఉండేది. లాగితే చర్రుమని వచ్చేది. ఇంకొకరైతే కెవ్వుమనేవాళ్లు. అన్నయ్యకి తెలిసేదే కాదు. ఆయన పొగ గురించి చెబుతూనే ఉండేవాడు, నేను లాగుతూనే ఉండేదాన్ని.

రెండో వారంలో పుండు అడుగున ఎర్రగా మొదలైంది. డాక్టరు గారు కొత్త మాంసం అన్నప్పుడు నేను ఏమనుకున్నానంటే, లేత గులాబీరంగులో, చంటిపిల్లల చర్మంలా వస్తుందనుకున్నాను. ఇదేమో అలా లేదు. ఎర్రగా, తడితడిగా, గింజలు గింజలుగా పైకి లేస్తోంది. గుడ్డ తగిలితే చాలు నెత్తురు. చూడటానికి అసహ్యంగా ఉంది. ఏమీ బాగోలేదు ఇది అనుకున్నాను. అన్నయ్య వంగి చూసి, ఒక్కమాటన్నాడు.

"దుర్మాంసమే ఇది. నాన్న తీసేసేవాడు చూడు, ఎద్దుకి."

ఆ మాటతో నాకూ మా పశువుల పాకే కళ్ల ముందు కనపడింది. మా చిన్నప్పుడు ఎద్దుల మెడ మీద కాడి ఒరిసి పుళ్లు పడేవి. మానుతూ మానుతూ ఎర్రగా పొంగేవి. దుర్మాంసం పెరగనిస్తే పుండు మానదని నాన్న దాన్ని గీకి, మైలుతుత్తం నూరి అద్దేవాడు. నీలంగా ఉండే ఆ రాయి మా చెరువుల వాళ్లందరి ఇళ్లలోనూ ఇప్పటికీ ఉంటుంది, నాచు పెరిగితే నీళ్లలో కలుపుతారు. అన్నయ్య ఎద్దు తల పట్టుకునేవాడు. నేను మందున్న కాగితం పట్టుకునేదాన్ని. ఎద్దు కాళ్లు నేలకేసి కొట్టేది. పుండు మానేది. మానేదనే మా ఇద్దరికీ గుర్తు.

మర్నాటినుంచి నేను గాజుగుడ్డ వేలికి చుట్టుకుని ఆ ఎర్రటి గింజల్ని రుద్దడం మొదలుపెట్టాను. గిన్నె అడుగు మాడు వదిలించినట్టు. నెత్తురు వచ్చేది, తుడిచేదాన్ని, అడుగు సాపుగా కనపడేదాకా రుద్దేదాన్ని. సాపుగా కనపడితే నాకు తృప్తి. మర్నాడు మళ్లీ లేచేవి, మళ్లీ రుద్దేదాన్ని. రెండో వారం చూపించడానికి పోతే, పొద్దున్నే రుద్ది సాపు చేసిన పుండు చూసి, కొత్త మాంసం ఇంకా రాలేదన్నారు డాక్టరు గారు. పట్టు విడవకుండా అవీ వస్తూనే ఉన్నాయి, నేనూ తీస్తూనే ఉన్నాను. ఇంత పెరుగుతోందంటే ఎంత చెడ్డదో అనుకున్నానే గాని, చచ్చిన కాల్లో ఇంత పెరిగేది ఏమిటి అని ఒక్కపూట కూడా అనుకోలేదు.

ఐదో రోజున అన్నయ్య మైలుతుత్తం మాటెత్తాడు. ఊరినుంచి వదినతో తెప్పిస్తానన్నాడు. నేను కయ్యిమన్నాను. చెరువులో చల్లే సరుకు మనిషి పుండు మీద పెడతారా, ఇరవై ఒకటో శతాబ్దంలో ఉన్నామా, ఎద్దుల కాలంలో ఉన్నామా అని చెడామడా తిట్టాను. తిట్టినదాన్ని ఆ సాయంత్రం ఏం చేశానో చెప్పడానికి సిగ్గేస్తోంది. మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో, సాల్ట్ ఎనాలిసిస్ సీసాల వరసలోంచి, కాపర్ సల్ఫేటు పలుకులు రెండు కాగితంలో పొట్లం కట్టి తెచ్చాను. రెండూ ఒకటేనని పదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. ఊళ్లో సంచిలో ఉంటే మోటు, మా ల్యాబులో లేబులు అంటించిన సీసాలో ఉంటే శాస్త్రం. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు. నాలుగు రోజులు, గింజ లేచిన చోటల్లా ఆ పలుకు తడిపి అద్దాను. నాన్న అద్దినట్టే. అన్నయ్య పొగ వైపు చూడటం మానేసి నా చేతివంక చూస్తూ, నాన్న చెయ్యి లాగే ఉందే నీ చెయ్యి అన్నాడు.

మూడో వారం చూపించడానికి తీసుకెళ్లాం. డ్రెస్సింగు గదిలో అన్నయ్యని బల్ల మీద పడుకోబెట్టారు. అక్కడ ఒక పెద్ద వయసు సిస్టర్ ఉంది, ఆవిడది గుడివాడ వైపు. కట్టు విప్పే పని ఆవిడదే. ఆవిడ గాజుగుడ్డని లాగలేదు. దాని మీద సెలైను పోసి, తడిసేదాకా చేతులు కట్టుకుని నిలబడింది. నేను లోపల అనుకున్నాను, ఇంత నెమ్మదైతే రోజుకి ఎన్ని కట్లు విప్పుతుంది ఈవిడ అని. గుడ్డ వచ్చాక కింద చూసింది. పుండు నిండా నీలంగా, పచ్చగా, నల్లగా పెచ్చు కట్టి ఉంది. ఆవిడ అన్నయ్య వంక చూసింది. కళ్లు మూసుకుని ఉన్నాడు. నన్ను చెయ్యి పట్టుకుని కర్టెను పక్కకి తీసుకెళ్లి, గొంతు తగ్గించి ఎవరు చేశారండీ ఇది అని అడిగింది. నేనేనన్నాను. దుర్మాంసం పెరుగుతుంటే తీశానని కూడా అన్నాను, ఇంకా గర్వం చావక.

"దుర్మాంసం కాదండీ. డాక్టరు గారు మూడు వారాల్నించి ఎదురుచూస్తున్న కొత్త మాంసం అదే. నాటిన నారు పచ్చబడి మూన తిరుగుతుంటే, వేరు పట్టిందో లేదోనని రోజూ పీకి చూస్తే ఎట్లా బతుకుద్దండీ?"

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే నేను తిరిగి అరిచేదాన్ని, అది నాకు అలవాటే. ఆ ఎరుపంతా కొత్త నెత్తురు నాళాలేనండీ, అందుకే గింజగింజగా ఉంటది, అందుకే ముట్టుకుంటే కారుద్ది అని ఆవిడ నాకు చెబుతోంది. నాకు! నాలుగేళ్లు నేను కిటికీలోంచి లెక్కపెట్టినవి అవే. గట్టు దాటి, నేల తడుముకుంటూ, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని, చక్కెర పట్టి చెడిపోయిన ఆ నేల మీద కూడా ఎలాగో పట్టు దొరికించుకుని అన్నయ్య కాల్లోకి వచ్చాయి. వచ్చిన ప్రతిరోజూ నేను గుడ్డతో చెరిపేశాను. గుడ్డులో శుభ్రంగా, గీత గీసినట్టు ఉన్నప్పుడే నాకు అవి తెలుసు. పుండులో, రసిలో, మా ఇంటి స్టూలు మీద ఉంటే నేను గుర్తుపట్టలేదు. అక్కడే ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని నిలబడ్డాను.

ఎక్స్‌రే తీస్తే ఎముకకి కూడా చీము పట్టిందన్నారు. రెండ్రోజుల్లో పాదం ముందు సగం, ఐదు వేళ్లతో సహా, తీసేశారు. నేను ఉండబట్టలేక డాక్టరు గారి గదిలోకి పోయి చేసిందంతా చెప్పాను. నేను అలా చెయ్యకపోతే పాదం దక్కేదా అని అడిగాను. ఆవిడ చాలాసేపు కాగితాలు తిరగేసి, చెప్పలేమండీ అన్నారు. నెత్తురు సరిగా దిగని కాలు, ఎముకలోకి అంతకుముందే పట్టి ఉండొచ్చు, పట్టకపోయి ఉండొచ్చు. చెప్పలేమండీ. నువ్వే చేశావని ఒక్కమాటంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. ఆవిడ ఆ మాట అనలేదు. దక్కేదో పోయేదో నాకు ఈ జన్మలో తెలియదు.

ఆ వారమే కాలేజీలో ఇంటర్ పిల్లలకి జంతు కణజాలాల పాఠం. కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే సంధుల గురించి అందులో ఒక పేరా ఉంటుంది. ఏటా పది నిమిషాల్లో చెప్పేసి, బిట్టుగా అడుగుతాడర్రా అని కింద గీత గీయించేదాన్ని. ఈసారి ఆ పేరా దగ్గరికొచ్చి, మీరే చదువుకోండి అన్నాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను పాఠం వదిలేయడం వాళ్లు ఎప్పుడూ చూడలేదు.

అన్నయ్యని మళ్లీ మా ఇంటికే తెచ్చాం. కోసిన చోట కుట్లు కొంత మేర విడిపోయి, మళ్లీ రోజూ కట్టు మార్చాల్సి వచ్చింది. ఇక నేను ముట్టుకోనన్నాను. ఎందుకో మాత్రం చెప్పలేదు. కాలేజీ పని ఎక్కువైందని అబద్ధమాడాను, సిస్టర్‌ని మాట్లాడతానన్నాను. అన్నయ్య ససేమిరా అన్నాడు. నువ్వు కడితేనే కట్టు, లేకపోతే ఇలాగే ఉండనీ అని కాలు దుప్పట్లోకి లాక్కున్నాడు. చేసేది లేక కూర్చున్నాను. మొదటిరోజు సెలైను సీసా చేతిలోంచి జారి కింద పడింది. అప్పట్నించే ఆయన వచ్చినవాళ్లందరి దగ్గరా నన్ను పొగడటం మొదలుపెట్టాడు. వదిన దగ్గర, మావారి దగ్గర, పాలబ్బాయి దగ్గర కూడా. తేలు కుట్టిన దొంగకీ నాకూ తేడా లేదు. ఎక్కడ కుట్టిందో చెప్పలేను, ఊరుకోనూ లేను.

మొన్న ఆదివారం ఊరినుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయనా చెరువులు చేసేవాడే, మాకు వరసకి బాబాయి. అన్నయ్యని చూడ్డానికి వచ్చాడనుకున్నాను. ఎడమకాలికి పాత పంచె చింపి కట్టుకుని ఉన్నాడు. ఆయనకీ షుగరే, ఆయనకీ గుల్లే గుచ్చుకుంది. అన్నయ్య పొగిడిన పొగడ్తలు ఊళ్లో అందరూ విన్నారుగా. ఆయన స్టూలు లాక్కుని, కాలు దాని మీద పెట్టి, నా వంక చూశాడు. ఆసుపత్రికి పోతే కోసేస్తారని భయంగా ఉందనీ, నా చెయ్యి మంచిదని చెప్పారనీ అన్నాడు. ఎర్రగా పొంగుతోంది, ఏం మందేస్తావమ్మాయ్ అని అడిగాడు.

ఆ స్టూలు అదే. ఆ కిటికీ అదే. వంటింట్లోకి పోదామని ఒక అడుగు వేశాను కూడా. కాఫీ పెట్టి వచ్చేసరికి ఆ కాలు అక్కడే ఉంటుంది.

"ఏ మందూ వెయ్యను బాబాయ్. నా చెయ్యి మంచిది కాదు. అన్నయ్యకి ఎర్రగా వచ్చిన కొత్త మాంసాన్ని దుర్మాంసం అనుకుని నేనే రుద్ది పారేశాను. మైలుతుత్తం పెట్టి కాల్చాను. నువ్వు ఆ ఎరుపుని ముట్టుకోకు, ఎవర్నీ ముట్టుకోనివ్వకు, ఇప్పుడే ఆసుపత్రికి పద."

నా గొంతు వీధిలోకి వినపడి ఉంటుంది. మావారు పేపరు దించారు. ఆ ముసలాయన నన్నూ అన్నయ్యనీ మార్చి మార్చి చూసి కాలు దించేశాడు. మావారు ఆయన్ని ఆటో ఎక్కించి, మేము చూపించిన ఆసుపత్రికే తీసుకెళ్లారు. నేను గదిలోకి వచ్చి కింద పీట మీద కూర్చున్నాను. అన్నయ్య మొహం చూడలేదు. ఆవేళ కట్టు మార్చాల్సే ఉంది, సామానంతా పక్కనే ఉంది. ఏడుపు ఆపుకోలేక, విన్నావుగా అన్నాను.

"ఇప్పుడు కొత్తగా వినేదేముందే? ఆ రోజు సిస్టర్ నీకు చెబుతుంటే బల్ల మీద ఉన్నది నేనేగా. కాళ్లకి తెలీదు గాని చెవులు బానే ఉన్నాయి."

నేను తలెత్తి చూశాను. మామూలుగానే ఉన్నాడు, పొగగొట్టాల వైపు చూస్తూ. దుర్మాంసం అన్నది తానేననీ, నాన్న మాట ఎత్తింది కూడా తానేననీ, అందులో నా ఒక్కదాని పాలే ఎందుకుంటుందనీ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ తెలిసి, తెలియనట్టు ఊరందరికీ నన్ను పొగుడుతూ కూర్చున్నావా, నేను వంటింట్లో ఎలా చచ్చానో నీకేం తెలుసు, ఆ ముసలాయన కాలు కూడా నా చేత తీయిద్దామనుకున్నావా అని గట్టిగానే అరిచాను. బాబాయి ఇంతదాకా వస్తాడనుకోలేదే అని ఒప్పుకున్నాడు. మరి అందరికీ అలా ఎందుకు చెప్పావు అన్నాను.

"మొదటిరోజే సీసా పడేసుకున్నదానివి, అలా చెప్పకపోతే నువ్వు మళ్లీ నా కాలు ముట్టుకునేదానివా?"

ముక్కు తుడుచుకుని, చేతులు కడుక్కుని వచ్చి, కట్టు విప్పాను. లోపలి గాజుగుడ్డ అతుక్కునే ఉంది. దాని మీద సెలైను పోశాను. అన్నయ్య కాసేపు చూసి, లాగెయ్ నాకు నొప్పెట్టదుగా అన్నాడు. నోరు మూసుకుని కూర్చో అన్నాను. ఇంకాస్త పోశాను. ఎండ కిటికీ దాటి స్టూలు మీదకి వచ్చింది. చాలాసేపటికి గుడ్డ అంచు తనంతట తనే లేచింది, మెల్లిగా మొత్తం వదిలింది. కింద ఎర్రగా, తడితడిగా, గింజలు గింజలుగా ఉంది. తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.